కొత్త గొట్టం

కంపెనీది కాదు.
బరంపురంలో పాత సామాన్ల కొట్టువాడు
ఒడియా పేపర్లో చుట్టి ఇచ్చాడు.
గుణుపురం బస్సులో ఒళ్లో పెట్టుకుంటే
పక్కనామె అడిగింది, బాజానా అని.
సైలెన్సరమ్మా, నా బండికి.
ఓహో అని కాస్త ఎడంగా జరిగింది.
నా ఒంటి ఎండుచేపల వాసనకి జరిగిందేమో కూడా.

పదకొండేళ్ల ఎక్సెల్ నాది.
వెనక రెండు గంపలు, ముందొక గోనెసంచి,
నెత్తళ్లు, కవళ్లు, సావడాయిలు.
పుట్టాసింగి దారిలో గతుకు గతుకుకీ
పొట్ట కింద గీసుకుని గీసుకుని
పాత సైలెన్సర్‌కి వేలు దూరే చిల్లి.

రాత్రి నట్లకి కిరసనాయిలు తాగించి పడుకున్నాను.
తెల్లారి పానా వేస్తే
బాకీ అడిగినప్పుడు మా బావమరిది కూర్చున్నట్టు
కూర్చుంది నట్టు.
సుత్తి అందుకున్నాను.
"కొట్టకు, ఇరిగిపోద్ది. జాడీ మూత రాకపోతే ఏటి సేత్తాం?"
అని గున్నమ్మ పొయ్యి మీది మరిగే నీళ్లు తెచ్చి
సన్నటి ధారగా పోసింది.
కిర్రుమంది.
నా ఇరవై ఏళ్ల పానా తెలివి
ఆవిరితో పాటు పైకి పోయింది.

ఊడదీసి బోర్లిస్తే గుప్పెడు మసి.
బ్రాకెట్టు సందులో ఒక నెత్తలి,
ఎన్నాళ్ల నాటిదో, నల్లగా, మేకు లాగ.
పిల్లికి వేశాను.
వాసన చూసి వెళ్లిపోయింది.

కొత్తదానికి బెజ్జం గోరంత పక్కకుంది.
పక్కింటి దైతారి సాబత్ ఆకురాయి తెచ్చి
ధీరే ధీరే అంటూనే
నాకివ్వకుండా తానే రాకాడు, వడ్రంగి చెయ్యి కదా.
గాస్కెట్ ఇవ్వలేదు కొట్టువాడు.
రాగితీగ మూడు చుట్లు తిప్పి
పోర్టుకి ఉంగరం తొడిగాను.
మోకాలి మీద తుప్పు, మోచేతికి మసి,
నడుం నిలబడనంది.
కిక్కు కొడితే నీలంగా పొగ,
ఆ వెనకే, మెత్తగా,
పెద్దమనిషెవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడు.
మా వీధి వీధంతా మెచ్చుకుంది.

మంగళవారం కొండెక్కాను.
మొదటి ఊరు.
ఇంజను ఆపే లోపు చుట్టూ చేరే ఆడవాళ్లు
ఒక్కరూ లేరు.
పదకొండేళ్లుగా నా పిక్క మీదే కన్నేసిన కుక్క
ఒక కన్ను తెరిచి, మూసుకుంది.
తలుపులన్నీ దగ్గరగా వేసున్నాయి.
ఒక గుమ్మం ముందు సగం చెరిగిన చేట.
రోలు పక్కన రోకలి ఇంకా దొర్లుతోంది.

హారన్ ఎప్పుడో చచ్చిపోయింది.
బాగు చేయించాలనిపించలేదు, అవసరమేదీ?
నోరు తెరిచాను.
ఏం అరవాలో తెలీలేదు ముందు.
సరుకు పేరే అరిచాను, సుఖువా... అని,
మీసం రాని కుర్రాడి గొంతు, జీరగా,
రెండోసారికి కాస్త నిలబడింది,
మూడోసారి కొండ అందుకుంది.

పెండలం పాదు వెనకనుంచి
లేచి నిలబడింది సొంబారి సబర.
నువ్వా! అంది.
కిస్తీబాబు అనుకున్నాం.
వాడి బండే ఇలా దొంగలా వస్తుంది.
అటకల మీంచి, పశువుల పాకలోంచి
ఒక్కొక్కరే నవ్వుకుంటూ, గడ్డి దులుపుకుంటూ.
నేనూ నవ్వాను.
తూకంలో రెండు కవళ్లు ఎక్కువే పడ్డాయి ఆ పూట.
పసుపుకొమ్ములు కొలిచి గంపలో పోస్తూ సొంబారి
ఇంకోసారి ఆ గొట్టం వైపు చూసింది,
నమ్మకం లేని చూపు.

తర్వాత ఆరు ఊళ్లు.
ఆరింట్లోనూ అరుపే.

రాత్రి గున్నమ్మ ఉప్పునీళ్లిచ్చింది పుక్కిలించమని.
పెరట్లో దైతారి మనవడు
పాత సైలెన్సర్ మూతికి నోరు పెట్టి
బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు.
తుప్పు రాలింది.
బాజుని, అన్నాడు నావైపు తిరిగి,
మోగడం లేదంట.

ఏదో చెబుదామనుకున్నాను.
గొంతు పెగల్లేదు.
చిల్లి మీద వేలు పెట్టి చూపించాను.