తేడా

మంగళవారం పొద్దున ప్రోగ్రాం తనంతట తానే కొత్తదైపోయింది.
నన్నడగలేదు.
తెరిస్తే పద్దులన్నీ ఉన్నాయి,
పక్కన ఉండాల్సిన ఆకుపచ్చ టిక్కులు లేవు.
పంతొమ్మిదేళ్ల టిక్కులు.
క్రోన్లు పోయి యూరోలొచ్చిన ఏడు కూడా
ఒక్కటి చెదరలేదు.

దాచుకున్న రిపోర్టులూ పోయాయి.
పొయ్యి ఖర్చు.
పంటి డాక్టరు.
ఇంకొకదానికి నేను పెట్టిన పేరు ‘ఎందుకు కొన్నాను’.
ఆ చివరిదాని కోసం కాస్త గట్టిగానే తిట్టాను.

నా పేరు హెల్వె. టార్టులో, సూప్‌పేటలో ఉంటాను.
మా వీధులకు కూరగాయల పేర్లు.
నాది బంగాళాదుంప వీధి.
ముప్పై ఒక్క ఏళ్లు రొట్టెల ఫ్యాక్టరీలో తూకం దగ్గర నిలబడ్డాను,
ఐదు గ్రాములు తగ్గితే రొట్టె వెనక్కి పంపేదాన్ని.
అలాంటిదాన్ని తీసుకొచ్చి
సరిచూడని పద్దుల ముందు కూచోబెడితే
కాఫీ కూడా గొంతు దిగదు.

బొత్తాల డబ్బాలో దొరికింది పెన్‌డ్రైవ్,
కోటు గుండీల మధ్య ఇంకో గుండీలా.
ఎక్కిస్తే 2017 దాకా టిక్కులు లేచి నిలబడ్డాయి.
అక్కణ్ణుంచి ఇవాళ్టి దాకా
నేనే నడవాలి.

అటక మీంచి ఫైళ్లు దించాను.
కుడిచేతిలో మౌసు, ఎడమచేతి వేలు బ్యాంకు కాగితం మీద.
రై రొట్టె, రెండు యూరోల పది. ఉంది. టిక్కు.
బస్సు కార్డు. ఉంది. టిక్కు.
అక్క అంత్యక్రియలకు పూలు. ఉంది.
దానికి పెట్టేముందు కాసేపు ఆగాను.
ఆగినా మొత్తం మారదు కదా.

తెర అడుగున ఒక గడి: తేడా.
అది సున్నా అయితేనే నెల మూసుకుంటుంది.
కాకపోతే ఎంత నెట్టినా మూసుకోదు,
తడికి ఉబ్బిన మా వంటింటి తలుపులాగే.

2018 నవంబరు.
బిర్చ్ కట్టెలు ఒక లోడు, ఊర్మస్‌తో చెరిసగం.
మొత్తం నేనే కట్టాను.
అతని వాటా అరవై రెండు యూరోల నలభై సెంట్లు.
బఠాణీ వీధిలో గడియారాలు బాగుచేసే ఊర్మస్,
ఆదివారాలు నాతో చదరంగం ఆడి ఓడిపోయే ఊర్మస్.
డిసెంబరు గడిచింది. జనవరి గడిచింది.
అడగడానికి నాకు నోరు రాలేదు,
ఇవ్వకుండా ఉండటానికి అతనికి మనసెలా వచ్చిందో అనుకుంటూ
ఆదివారాలు తలుపు తీయడం మానేశాను.
కట్టెలు కాలిపోయాయి. బాకీ కాలలేదు.

పొదుపు ఖాతా కాగితం ఏడాదికొక్కటే వస్తుంది.
ఆ ఏడు తేడా గడిలో అరవై నాలుగు, పైన చిల్లర.
వడ్డీ కాబోలనుకుని
‘సర్దుబాటు’ అన్న బొత్తాం నొక్కేశాను.
నేనే. తూకం మనిషిని.
అంత వడ్డీ ఇచ్చే బ్యాంకు ఏ లోకంలో ఉంది?

ఇప్పుడు భూతద్దం పెట్టి చదివితే:
డిసెంబరు మూడు. ఊర్మస్ లెప్. కట్టెలు. 62.40.
నా పాత ఖాతా నంబరుకు పంపాడు,
లోడు దిగిన పదో రోజునే.

సర్దుబాటు పద్దు చెరిపేసి అసలుది రాశాను.
వడ్డీ వేరే వరసలో, ఒకటీ డెబ్బై ఒకటి.
తేడా: 0.00.
నా మొహంలాంటి సున్నా.

ఆ పేజీ ప్రింటు తీసి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని
బఠాణీ వీధికి నడిచాను. బూట్ల కింద బురద మంచు.
ఒంటికంటి అద్దం తీయకుండానే తలుపు తీశాడు.
కాగితం చాపాను. చదవలేదు.
‘మా కుక్క నీ తులిప్ దుంపలు తవ్వేసిందని కదా మానేశావు?’
నాకు కుక్క సంగతే తెలీదు.
ఆ ఏడు పూలు రాకపోతే చలిని తిట్టుకున్నాను.
‘ఏదీ కుక్క?’
‘పోయింది. రెండేళ్లయింది.’

చదరంగం బల్ల నిండా విప్పిన గడియారాలు.
వాటిని పక్కకు జరపడం మొదలుపెట్టాడు,
ఒక్కో స్క్రూ ఎక్కడిదో చూసుకుంటూ, ఒక్కొక్కటే.
చాలాసేపు పట్టేలా ఉంది.
కోటు విప్పాను.