సగం సూది

హనుమకొండ పశువుల దవాఖానల
పొద్దుగాల ఏడింటికే బల్ల కడుగుతాన.

రాత్రి నుంచి తిండి పెట్టద్దన్నం. కొమురమ్మ పెట్టలే.
ఎనుమాముల మార్కెట్ల మిరపకాయ తొడిమెలు తీసే చేతులతోని
కందిలిని చెద్దరుల చుట్టుకొని తెచ్చింది.
కందిలి అంటే దీపం కాదు.
తొమ్మిదేండ్ల ఎర్ర కుక్క,
కండ్లల్ల పాలపొర,
కుండెడు తాగి కుండెడు పోసే జబ్బు.

"సూది ఏసినవా?"
"సగమే ఏసిన. మేడం సగమే అన్నది గద."

సగమెందుకో ఆమెకు చెప్పింది నేనే.
కడుపు ఖాళీగున్నప్పుడు నిండు సూది ఏస్తే
నెత్తుర్ల చక్కెర అడుగంటుతది,
అసలే ఏయకుంటే పొంగుతది.
పొయ్యి మీద పాలు పెట్టినట్టే అమ్మా,
పక్కనే నిలబడి చూడాలె.

తొమ్మిదీ పదికి మత్తు ఎక్కింది.
నాలుక పక్కకు జారింది.
తోక ఇంకెవరిదో అయినట్టు పడున్నది.

మెలకువల ఉన్న కుక్కయితే చెప్తది.
కాళ్లు తేలిపోతయ్,
గోడకు తల ఆనిస్తది,
వణుకుతది.
మత్తుల ఉన్నదానికి ఆ భాష ఉండదు.
చక్కెర నలభైకి పడ్డా నాలుగొందలకు ఎక్కినా
అదే మొకం, అదే ఊపిరి.
అందుకే అర్ధగంటకోసారి
చెవి అంచున సూదిమొన పెట్టి
ఒక్క చుక్కను అడుగుత:
ఎట్లున్నవే?

నూట తొంభై.

భయం గూడ చక్కెర పుట్టిస్తదంటది తహసీన్ మేడం,
కత్తి దిగిన సంగతి తలకు తెల్వదు గని పెయ్యికి ఎరుకే.

రెండొందల నలభై ఆరు.

మత్తుమందుల గూడ కొన్ని అట్లాంటియి,
నిద్రపుచ్చుకుంటనే చక్కెరను లేపుతయ్.
మూడొందలు దాటితే చెప్పు, అన్నది తలెత్తకుంట.
గర్భసంచి చేతిలకు వస్తాంది.
ఒక్కసారి గూడ ఈనలే అది,
ఎదకొచ్చినప్పుడల్ల సూదిని పనిచేయనియ్యలే.

పత్తి అయిపోతే బయటికొచ్చిన.
వరండా బెంచీ మీద కొమురమ్మ
గోడకు తల ఆనిచ్చి ఉన్నది.
ఘాటు వాసన కొంగు చెమటకు తడిసి మెడకంటింది.
వేళ్లు వణుకుతానయ్.

"ఏమన్న తిన్నవా?"
"అది తినలే గద."
"మరి నీ సూది?"

ఆమెదీ అదే జబ్బు, అదే మందు.
ఇద్దరి సీసాలు ఒక్క కుండల
తడి ఇసుకల పెడ్తది.

"నిండుగనే ఏసుకున్న," అన్నది మెల్లగ,
"సగమని దానికే చెప్పిన్రు."

మీటరు నా జేబుల్నే ఉన్నది.
కారానికి తోలు మొద్దుబారిన వేలు,
రెండుసార్లు గుచ్చినంక గని చుక్క రాలే.

నలభై తొమ్మిది.

ఉపాసమున్న కుక్కపిల్లల కోసం తెచ్చిన గ్లూకోజు పొడి
స్టీలు గిలాసల కలిపి
గడ్డం పట్టుకొని తాపిచ్చిన.
సగం కొంగు మీద పోయింది.
మళ్ల కలిపిన.
పావుగంటకు కండ్లు ఒకచోట నిలబడ్డయ్.
నిలబడంగనే అడిగింది:
"లోపల దానిదెంత?"

లోపలికి పోతే మేడం కసిరింది,
చుక్క పావుగంట ఆలస్యం.
రెండొందల మూడు, అన్న.
బయట నలభై తొమ్మిది ఉండె, అన్న.
దారం మీద ఆమె చేయి ఒక్క రెప్పపాటు ఆగింది.
"తాపిచ్చినవా?"
తాపిచ్చిన.
మళ్ల కుట్టబట్టింది.

కేసు కాగితం మీద
టైముకొక గడి, చక్కెరకొక గడి.
పదీ నలభైకి ఎదురుంగ నలభై తొమ్మిది రాసిన.
కొట్టేసిన.
మళ్ల రాసిన, ఎవరిదో రాయలే.

మధ్యాహ్నం, బోనుల,
కందిలి ఇంక కండ్లు తెరవలే.
కొమురమ్మ వంగి కొంగుతోని మూతి తుడిచింది.

తుమ్మింది.
మిరపఘాటుకు, ఒళ్లంత ఊగేటట్టు,
ఒక్కసారి.