గంట ముందు

ఆదివారం రాత్రి గ్రూపుల ట్రాన్స్‌పోర్టు సారు మెసేజి:
'రేపటిసంది పికప్ గంట ముందు.'
కారణం రాయలే. ఏటా మార్చిల గిట్లనే, ఎన్నడూ రాయడు.

నాది నాలుగో రూటు:
మండిబజారు, ఎంజీఎం, అదాలత్, నిట్ గేటు,
కాజీపేట బ్రిడ్జి దిగితే మడికొండ ఐటీ పార్కు.
శుక్రవారందాక ఆరున్నరకు ఎక్కిన నజ్మా
ఇయ్యాల ఐదున్నరకే గల్లీ మొగల నిలవడ్డది.

'ఎవలు జరిపిన్రమ్మా గంటను?'
'అమెరికావోళ్లన్నా. ఎండకాలం వాళ్లకు
లేవకముందే తెల్లారిపోతది.
నిద్రల వట్టిగ పోయే ఆ వెలుగును
ముల్లు తిప్పి సాయంత్రానికి దాసుకుంటరు.
నవంబర్ల మళ్ల ఎనక్కి.'
'మరి మనకు?'
'మన పొద్దు గంతగనం సాగదు, మనకు అక్కెర లేదు.
జీతమే వాళ్ల గడియారంల ఉన్నది.'

నవ్వొచ్చింది. మా తాత ఓదెలు యాదికొచ్చిండు.
కాజీపేట లోకోషెడ్డుల కాల్‌బాయ్.
యాభై దాటినా బాయే.
చేతిల లాంతరు, సంకల పుస్తకం,
అద్దమరాత్రి పోయి డ్రైవర్ల తలుపులు కొట్టుడు కొలువు.

లడాయి కాలంల తార్ వచ్చిందట:
దేశమంత గంట ముందుకు.
దీపాలు తక్కువ కాలాలె, బొగ్గు మిగలాలె.
అంతకుముందు లడాయిలనే
జర్మనీవోళ్లు మొదలువెట్టిన ఇగురమట,
ఎంటనే ఇంగ్లండోళ్లు కూడ పట్టుకున్నరు.
పగోళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే అనేటోడు తాత.

మాస్టరు నిచ్చెనెక్కి ముల్లు తిప్పుతుంటె
తాత కింద నిచ్చెన పట్టుకున్నడు.
'ఒక గంట నా నెత్తి మీదికెల్లే పోయింది బిడ్డా,
సప్పుడన్న రాలే.'
ఆ తెల్లారగట్ల తలుపు కొడితె
రోజారియో దొర దుప్పట్లకెల్లే తిట్టిండట:
'ఇంక కోడన్న కుయ్యలేదురా!'
'కోడికి తార్ రాలే దొరా.'

మూడేండ్లకు లడాయి ఒడిసింది, గంట తిరిగిచ్చిన్రు.
ఇచ్చిన రాత్రి తాతది నైటు డ్యూటీ.
పోయింది నిద్రల గంట,
వచ్చింది పనిల గంట.
ఆ బాకీ సచ్చేదాక చెప్పిండు.

ఆరూ ఇరవై. బ్రిడ్జి మీద బండ్లన్ని ఆగినయ్.
కింద బొగ్గు వ్యాగన్లు, వాటి మీద ఎర్రటి పొద్దు.
మొన్నటిదాక నజ్మా ఇంట్లనే రోజా ఇడిసి ఎక్కేది.
ఇయ్యాల తొమ్మిదో రోజా, నా ఎనక సీట్ల.
అజా ఇనవడ్డది.
దానికి ఏ ఆఫీసు మెసేజీ పోలే,
పొద్దు గుంకింది గనుక వచ్చింది.

డబ్బ మూత తీసిన సప్పుడు.
ఒక ఖర్జూరపండు నా భుజం పక్కకెల్లి ముందుకొచ్చింది.
ఫోన్ల సారు. ఎత్తలే.
ముందటి లారీ కదిలింది, ఎనక హారన్లు.

'పోదామా అన్నా?'
'నమలు తల్లీ. నిమ్మలంగ నమలు.'