రొట్టె మళ్లీ సోమవారమే

పందొమ్మిదేళ్లలో మొదటిసారి
కొట్టు తలుపుకి అట్టముక్క కట్టాం:
"రొట్టె మళ్లీ సోమవారమే."
ఆ మూడు మాటలూ వెండెల్ రాశాడు
చావు కబురు రాస్తున్నంత మెల్లగా.

పులిసిన పిండి కుండని ఎదురింటి మార్గిత్‌కి అప్పజెప్పి
పొద్దున ఓసారి, రాత్రి ఓసారి తిండి పెట్టమని
పదిసార్లు చెప్పి, పదకొండోసారి వెనక్కి వెళ్లి చెప్పి
మా ఊరి ఉల్లిచేలు దాటుకుని
రెండు రైళ్లు మారి బుడాపెస్ట్‌లో దిగాం.

గది నాలుగో అంతస్తులో.
లోపలి వాకిలి చుట్టూ ఇనుప కమ్మీల నడవా,
గోడ నిండా ఏ కాలానివో తూటాల గుంటలు,
ఒక గుంటలో ఎవరో చొక్కా బొత్తాం దాచారు.
ఇంటావిడ దుప్పట్లు చేతికిస్తూ
కోట, పార్లమెంటు, వేడినీళ్ల స్నానాలు అని
వేళ్లు మడిచి లెక్క చెప్పింది.
సరే, పడవ ఎక్కాం.
ఎక్కిన పది నిమిషాలకి
ఒకరి భుజం మీద ఒకరం నిద్రపోయాం.
నాలుగు భాషల్లో చరిత్ర
మా తలల మీదుగా వెళ్లిపోయింది.
పిండి కొద్దీ రొట్టె,
సెలవు కొద్దీ రాజధాని.

రాత్రి మూడింటికి మెలకువ.
మాకు గడియారం అక్కర్లేదు, ఎముకల్లో మోగుతుంది.
అతను లేస్తాడని నేను కదల్లేదు
నేను లేస్తానని అతను ఊపిరి బిగబట్టాడు
ఒకే దుప్పటి కింద ఇద్దరు దొంగలు.
చివరికి చీకట్లోంచి:
"పడుకున్నావా, ఇల్డికో?"
"పడుకుంటే పలుకుతానా?"
"అయితే కోటు వేసుకో."

ఆ వేళకి ఊరు ఇంకా ముఖం కడుక్కోలేదు.
దీపాలు ఆర్పేసిన కోట
కొండ మీద మామూలు రాళ్లగుట్ట.
పెళ్లికూతురి మేలిముసుగు తలకి చుట్టుకున్న కుర్రాడొకడు
తూలుతూ వచ్చి దారి అడిగాడు
మాకూ తెలీదు, ముగ్గురం కలిసి నవ్వాం.

అప్పుడొచ్చింది వాసన.
పేరు పెట్టి ఎవరో పిలిచినట్టు ఆగిపోయాడు వెండెల్.
సందు మలుపులో, కాలిబాట ఎత్తున
నేలమాళిగ కిటికీ, పచ్చటి వెలుతురు,
లోపల మోచేతుల దాకా పిండితో ఒక కుర్రాడు.
పగలు రెండు చర్చిల్లో వంగని మోకాళ్లు
ఆ కిటికీ ముందు వంగాయి.
"మంట ఎక్కువైంది తమ్ముడూ, అడుగు మాడుతుంది."
కుర్రాడు ఉలిక్కిపడి పైకి చూశాడు,
తిట్టబోయి ఈయన చేతులు చూశాడు:
ముంజేతుల మీద రేకుల అంచులు కాల్చిన గీతలు,
నిచ్చెన మెట్లలా, మణికట్టు నుంచి మోచేతి దాకా.
అతనికీ మూడున్నాయి, ఇంకా ఎర్రగానే.
ఏమీ అడక్కుండా
కమ్మీల సందులోంచి ఒక రొట్టె పైకి అందించాడు.
డబ్బులిస్తే తల అడ్డంగా ఊపాడు.
మంట మాత్రం తగ్గించాడు.

ఆకుపచ్చ ఇనుప వంతెన మీద
చలికి ముడుచుకుని కూర్చున్నాం.
తుంచాడు, ఊదాడు, నమిలాడు.
"ఉప్పు తక్కువ" అన్నాడు.
అని, ఒళ్లో రాలిన పెచ్చులు కూడా ఏరుకుని తిన్నాడు.

తెల్లారుతోంది.
మొదటి పసుపు ట్రాము వంతెనని వణికిస్తూ వెళ్లింది.
పందొమ్మిదేళ్లుగా అతను పొయ్యికేసి, నేను బల్లకేసి,
మాకు తెలిసింది ఒకరి వీపు ఒకరికి.
ఇప్పుడు పక్కనుంచి చూస్తే
అతని ఎడమ కనుబొమ సగమే ఉంది.
"ఇదెప్పుడు కాలింది?"
"మనం కొట్టు పెట్టిన రెండో ఏడు."
కింద డాన్యూబ్ ఎవరి కోసమూ ఆగకుండా పోతోంది.
ఆ ఖాళీ మీద ఒకసారి వేలు పెట్టాను.
పిండి లేని వేలు, చల్లగా ఉందన్నాడు.

గదికి వెళ్లి మిట్టమధ్యాహ్నం దాకా పడుకున్నాం.

సోమవారం మార్గిత్ కుండ తెచ్చి అడిగింది:
"కోట ఎలా ఉంది?"
"పెద్దది" అన్నాడు వెండెల్, పిండి పిసుకుతూ.
తర్వాత గుప్పిట్లోకి ఉప్పు తీసి
ఒక్క క్షణం ఆలోచించి
చిటికెడు మళ్లీ డబ్బాలో వేసేశాడు.
నేను బల్ల తుడుస్తున్నాను,
తుడిచిన చోటే.