తరుగు

ఆషాఢం వాన. సుంకి ఘాటీ మీద సంత.
టార్పాలిన్ కింద నా కాటా,
కాటా పక్కన టీకొట్టు, టీకొట్టులో టీవీ.
ఇవాళ రాష్ట్రపతికి ఓట్లంట.

"మన బూతెక్కడ?" అన్నాడు పంగి దొమురు
జీపు టాపు మీంచి పనసకాయలు దించుతూ.
జీపోళ్ళు నవ్వారు.
మనకి లేదురా, ఎమ్మెల్యేలే వేస్తారు,
గులాబీ కాగితం మీద ఒకటి, రెండు అని అంకెలేసి.
"మరి మనల్నడగరా?"
అడిగేశారుగా మొన్నెప్పుడో, అన్నాడు టీకొట్టు బెహరా
పాలు పొంగకుండా ఊదుతూ.

అడగడమంటే ఈ కొండకి తెలుసు.
పైనుంచి ఒకరు అడుగుతారు, కిందనుంచి ఒకరు.
ఒడియా కార్డు రేకుపెట్టెలో, తెలుగు కార్డు కొంగుముడిలో.
రెండు బియ్యాలు, రెండు బడులు, రెండు రంగుల బోర్డులు,
రోడ్డు మాత్రం ఒక్కటే, అదీ సగంలో ఆగింది.
పొద్దున పొట్టంగి వైపు వేసి
మధ్యాహ్నం సాలూరు వైపు దిగేవాళ్ళ వేళ్ళు చూశాను,
ఒక సిరా ఆరకముందే ఇంకో సిరా.
ఎవరికేశావంటే
"ముందు జీపు పంపినోళ్ళకి" అంటారు.
అబద్ధం.
ఒకింటి అన్నదమ్ములు ఒక గుర్తుకి వేయరిక్కడ.
ఎవరు గెలిచినా
ఇంట్లో ఒకడు గెలిచినవాడుండాలి కదా.

టీవీలో కుర్రాడు లెక్క చెప్తున్నాడు.
ఒడిశా ఎమ్మెల్యే ఓటు విలువ నూట నలభై తొమ్మిది.
ఆంధ్రా ఎమ్మెల్యేది నూట యాభై తొమ్మిది.
డెబ్భై ఒకటో సంవత్సరం జనాభాని
ఎమ్మెల్యేలకి పంచి, వెయ్యితో భాగించి...
చుట్టూ ఎవరికీ ఎక్కలేదు.
నాకెక్కింది. నాది తూకాల బతుకు.
వెయ్యి గ్రాములు ఒక కిలో.
వెయ్యి మంది ఒక ఓటు.
అంటే మనిషి, గ్రాము.
నా కాటాకి గ్రాము తెలీదు.
వంద దాటితే గాని ముల్లు కదలదు.

అప్పుడొచ్చింది తాడంగి సోంబారి
అడ్డాకులు కప్పిన బుట్టలో నిలవ చింతపండుతో.
"ఏ యేటి లెక్కన్నాడు బాబూ?"
చెప్పాను.
బుట్ట మీద చెయ్యేసి కూర్చుంది.

"ఆ యేడు చొక్కా ఏసుకున్నోడొచ్చాడు, పుస్తకం పట్టుకుని.
సూదిమందోడనుకున్నాం.
అమ్మ నన్నూ తమ్ముణ్ణీ అటక మీద చోళ్ళ గాదెలో దాచి
తనూ అడివిలోకెల్లిపోయింది.
తమ్ముడు తుమ్మబోతే నోరు మూశాను.
కింద మా ముసల్ది ఒక్కతే కూకుని
ఇంట్లో ఎవరూ లేరు, నానొక్కదాన్నే అంది.
రాసుకుని పోయాడు."

పైవాడా, కిందవాడా?
"సొక్కావోడు."

అంటే
ఆ ముసలమ్మ ఇంకా ఉంది.
ఎప్పుడో ఇప్పమాను కింద కాలి బూడిదైన మనిషి
ఇవాళ భువనేశ్వర్లోనో అమరావతిలోనో
గులాబీ కాగితం మీద ఒక గ్రాము.
ఎదురుగా కూర్చున్న సోంబారి లేదు.
దొమురు లేడు, వాడి పిల్లలు లేరు,
నేనూ లేను, డెబ్భై ఆరులో పుట్టాను.
ఈ సంతంతా పాత పుస్తకం బయట నిలబడి
తడుస్తూ పనసకాయలు బేరమాడుతోంది.

"ఎవరు గెలుస్తారంటావు?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.
"గెలిచినోడు గెలుస్తాడు.
మా ముసల్ది ఎవరికేసిందో
ఆ టీవీ బాబు సెప్తాడేటి?"

బుట్ట ఎక్కించాను. పదకొండున్నర.
ముల్లు ఆగేదాకా ఆమె వాననే చూసింది.
వానతడికి కిలోకి యాభై గ్రాములు తరుగు.
నేను పెట్టిన రూలు కాదు, మా నాన్న నాటిది.
అయిదు వందల డెబ్భై అయిదు.
ఒక ఊరు.
పెన్ను కాసేపు చీటీ మీదే ఆగింది.
తీసేశాను అయినా. చేతి అలవాటు.

డబ్బులు లెక్కపెట్టుకుని, ముడేసుకుని
చీటీ మీద ముద్ర వేయడానికి సిరాపెట్టె దగ్గరికి జరిగింది.
"ఏ ఏలు బాబూ?" అని అడిగింది.