నిమ్ము

ఫారం నాలుగు. రోజూ చూసే కాయితమే.
మొదటి భాగంలో మూడు గీతలుంటాయి:
చంపింది ఏది, దాన్ని పిలుచుకొచ్చింది ఏది,
వాటన్నిటికీ ముందు తలుపు తీసింది ఏది.
చిత్తూరు మునిసిపాలిటీ జనన మరణాల సెక్షన్లో
పందొమ్మిదేళ్లుగా వీటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను.
చాలామంది డాక్టర్లు మొదటి గీత దగ్గరే ఆగిపోతారు.
"గుండె ఆగి."
ఆగకుండా పోయినవాళ్లెవరు సార్, అని ఒకసారి అడిగితే
"చెంగల్రాయా, నీ పని కొట్టడం, కొట్టు" అన్నాడు సూపరింటెండెంటు.

ఇయాళ్టి కాయితంలో పేరు మొగిలమ్మ, డెబ్బైతొమ్మిది.
మా మేనత్త.
మొదటి గీత మీద: నిమ్ము.
కింద రెండు గీతలూ ఖాళీ.

నిమ్ము గోడకు పడితే సున్నం కొడతాం.
బియ్యానికి పడితే ఎండలో పోస్తాం.
ఆమె ఊపిరికి
ఎక్కడినించి పట్టింది?

ముప్ఫై ఎండాకాలాలు గుజ్జు ఫ్యాక్టరీలో బెంగళూరా కాయలు ఏరింది.
బెల్టు మీద పోతా ఉండే కాయను చూసేది కూడా కాదు,
తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి
ఇది ఇయాళ, ఇది ఎల్లుండి, ఇది పందులకి.
మొదట మరిచింది టన్ను ధర. నవ్వుకున్నాం.
తర్వాత గిరింపేటలో మా సందు.
కొంగుముడిలో నా ఫోను నంబరు చూసి
ఎవరో ఆటో అబ్బాయి దింపిపోయాడు, డబ్బులు తీసుకోలేదు.
తర్వాత నన్ను.
"మేస్త్రీ, కూలి ఎప్పుడిస్తావు?" అనేది.
ప్రతి శనివారం పది నోట్లు చేతిలో పెట్టేవాణ్ణి,
పదిరూపాయలవి.
లెక్కపెట్టి, ఒకటి తగ్గిందనేది. ఎప్పుడూ ఒకటి.

ఆఖరికి ఏం మరిచిపోయిందో
మాకెవరికీ తెలియలేదు.
సంగటి ముద్ద బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చునేది.
"మింగత్తా" అంటే నా మొహం చూసేది,
మింగడమంటే ఏ ఊరు, ఏ బస్సెక్కాలి అన్నట్టు.
నీళ్లిస్తే పొరబోయేది. అంబలిస్తే పొరబోయేది.
"ఎవరో తలుచుకుంటున్నారులే"
వీపు నిమురుతూ అనేది నా భార్య.
ఎవర్నీ తలుచుకోలేని మనిషిని
అంతమంది ఎవరు తలుచుకున్నారో!
తలపుకొక చుక్క చొప్పున
అంబలి సందు తప్పి ఊపిరితిత్తుల్లోకి దిగింది.
అక్కణ్ణించి దింపిపోయే ఆటో లేదు.

మధ్యాహ్నం అన్నం తినకుండా పెద్దాసుపత్రికి నడిచాను.
చిన్న డాక్టరమ్మ, నిద్ర లేని కళ్లు.
"మతిమరుపు జబ్బా? ఎన్నేళ్లుగా?"
తొమ్మిది.
"చేర్చేటప్పుడు ఎవరూ చెప్పలేదే!"
చెప్పలేదు.
చెప్పొద్దన్నాడు మా అత్త కొడుకు దొరస్వామి.
అది ముసలితనం, జబ్బు కాదు,
పిచ్చి అని కాయితానికెక్కితే పిల్లకాయలకు మచ్చ అన్నాడు.
నేనూ ఊరుకున్నాను.
చావుకు కారణాలు కొట్టి జీతం తీసుకునేవాణ్ణి.

ఆమె కేసు షీటు తెప్పించుకుంది, అడిగింది, రాసుకుంది.
రెండో గీత మీద: మింగలేకపోవడం.
మూడో గీత మీద ఆ పేరు,
పక్కన, ఎంతకాలంగా అనే గడిలో, తొమ్మిదేళ్లు.

వచ్చి కూర్చున్నాను గానీ చేతులాడలేదు.
ఈ బీరువాలో ఎంతమందో:
బాత్రూములో జారి తుంటి విరిగి,
మంచం పుండు చీముపట్టి,
అన్నం మానేసి.
వాళ్లలో ఎందరికి తలుపు తీసింది ఇదేనో
ఖాళీ గీతలు చెప్పవు. నేనూ అడగలేదు.

ఇంటికిచ్చే సర్టిఫికెట్లో కారణం అచ్చు కాదు.
అది లెక్కలవాళ్ల దగ్గరికి
ఒక అంకెగా పోతుంది, అంతే.
దొరస్వామికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.
రెండు రోజులు భయపడనీ.

మూడు గీతలూ కొట్టాను.
మీట మీద బొటనవేలు కాసేపు ఆనించి
నొక్కాను.

చల్లారిన టీ ఒక్క గుక్క తాగితే పొరబోయింది.
దగ్గుతుంటే పక్క సీటు నాగరత్నం
తలెత్తకుండానే అంది:
"ఎవరో తలుచుకుంటున్నారు సార్."