పిడికిలంత

కేజీహెచ్‌లో ఫిజియో గది.
ప్రమీలారాణి అనే చిన్నపిల్ల
నా చేతిలో ఇనప పిడి పెట్టి
"నొక్కండి తాతగారూ" అంది.
ముప్పైమూడేళ్లు షిప్‌యార్డులో
వెల్డింగు హోల్డరు పట్టిన చెయ్యి ఇది.
ఓడ పొట్టకింద వెల్లకిలా పడుకుని
ఊపిరి బిగబట్టి
వెంట్రుకంత వంకర పోకుండా అతుకు వేసిన చెయ్యి.
నొక్కాను.
ముల్లు పందొమ్మిది దగ్గర ఆగింది.
కిలోలట.
ఆ పిల్ల రాసుకుంది, ఏమీ అనలేదు.
ఏమీ అనకపోవడం నాకు వినపడింది.

తర్వాత కుర్చీ.
చేతులు ఛాతీమీద కట్టుకుని
లేవాలి, కూర్చోవాలి, అరనిమిషం.
ఏడుసార్లు.
ఎనిమిదోసారి మోకాళ్లు ఒప్పుకోలేదు.
లేచిన ప్రతిసారీ కళ్లముందు కాసిని రవ్వలు,
పాత పరిచయమే అనుకున్నాను.
కాదట, బీపీ పడిపోతోందట.
"వణుకు సంగతి మందు చూసుకుంటుంది.
కండ సంగతి మీరే చూసుకోవాలి.
కాళ్లు పని మానేస్తే గుండె కూడా బద్ధకం నేర్చుకుంటుంది."
గుండె ఎంతుంటుందమ్మా అనడిగాను.
నా వేళ్లన్నీ తనే ముడిచి చూపించింది.
"ఇదుగో, ఇంత. మీ పిడికిలంత."

ఆ మాట పట్టుకుని గాజువాక బస్సెక్కాను.
ఒళ్లో కుడిచెయ్యి దానిపాటికది
లేని బీడీ నలుపుతోంది.
పక్కసీటాయన కాస్త జరిగి కూర్చున్నాడు.

ఇంటి గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోతాయి,
నేనే వేసిన అతుకులా, గట్టిగా.
"ఏటి, అలాగుండిపోనావు?"
దాలెమ్మ లోపల్నుంచి వచ్చి
తన పాదం నా పాదానికి అడ్డం పెడుతుంది.
దాటు, అంటుంది.
అడ్డముంటే దాటగలను.
చదునైన నేలే దాటలేను.
ఎందుకో డాక్టరు చెప్పాడు, బుర్రలో నిలవలేదు.

తెల్లారగట్ల బళ్లు ఆపేసిన బీచిరోడ్డు మీద
ఒడ్డెక్కిన సబ్‌మెరైన్ దాకా నడుస్తాను.
అలల లెక్కకి అడుగెయ్యమన్నారెవరో.
అలకి లెక్కేముంది?
ఒకటి తొందర, ఒకటి సోమరితనం.
నా లెక్క సుత్తిది.
ఠంగు, ఠంగు,
అతుకు మీద చిట్టెం రాలగొట్టే సుత్తి.
చొక్కా తడిసేదాకా.
లోపలిది చెవుల్లో వినపడేదాకా.

ఇవాళ డాబా మీద
దాలెమ్మ తడిచీర ఒక కొస నాకిచ్చింది.
నలభై ఏళ్ల కాపురంలో
ఒక్క గుడ్డ పిండిన పాపాన పోలేదు నేను.
"అటు తిప్పు. అటు కాదు, అటు."
నా వణుకు చీర పొడుగునా పాకి
ఆమె చేతుల్లోకి వెళ్లింది.
వదిలేస్తుందనుకున్నాను.
బిగించింది.
ముందు ధార, తర్వాత చుక్కలు,
సిమెంటు మీద నల్లటి మచ్చలు.
చాలా, అన్నాను.
"ఇంకా ఉంది" అంది.
మళ్లీ మెలిపెట్టాను.